ఏడు పెట్టెల పన్ను

శ్రీలంకకి టికెట్లు కొన్న రోజు నుంచీ మా ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ ప్రయాణం ప్లాన్ రాసుకున్నారు. ఏ పూట ఏ ఊళ్ళో ఉండాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఏ మందులు ఏ సంచిలో పెట్టాలి, అన్నీ రాశారు. అందులో లేనిదల్లా చిన్నదాని పన్ను.

2014 మే నెల. పెద్దాడికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఆరు. చెన్నైలో విమానం ఎక్కి కూర్చున్నాక చిన్నది నోట్లో వేలు పెట్టుకుని, "అమ్మా, ఇది ఊగుతోంది" అంది. కింది వరసలో ముందు పన్ను. అప్పటికి దానికి ఒక్క పన్నూ ఊడలేదు. క్లాసులో సగంమందికి ఊడాయట, తనకే ఊడలేదని అన్నాళ్ళూ బెంగపడింది. తీరా ఊగడం మొదలయ్యేసరికి ఆ బెంగ పోయి భయం పట్టుకుంది. గంటన్నర ప్రయాణంలో మళ్ళీ నోరు తెరవలేదు. విమానంలో ఇచ్చిన కేకు కూడా అన్నకిచ్చేసింది. చెల్లి కేకు వదులుకుందంటే పరిస్థితి ఎంత సీరియస్సో వాడికి అర్థమైంది. అర్థమయ్యే తిన్నాడు.

కటునాయకె విమానాశ్రయం బయట మా కోసం నిలబడ్డ డ్రైవర్ యాభై దాటిన మనిషి. ఇంగ్లీషు కొంచెం, తమిళం ఇంకొంచెం వచ్చు. పిల్లలు "అంకుల్" అని పిలిస్తే, "అంకుల్ ఎందుకు, మామా అనండి, మా భాషలో అలాగే అంటారు" అన్నాడు. మా భాషలోనూ అంతే అన్నాం. ఆ ఒక్క మాటతో పిల్లలకి కారులో ఆట దొరికింది. సింహళంలో అమ్మ అంటే అమ్మే. అక్క అంటే అక్కే. చెల్లెలు నంగీ, తమ్ముడు మల్లీ. అయ్య అంటే మాత్రం అన్నయ్య. మరి నాన్నని ఏమంటారు అని మావాడు అడిగాడు. తాత్తా, అన్నాడు మామ. వెనక సీట్లో నవ్వులు ఎంతకీ ఆగలేదు. అప్పుడప్పుడే చెవుల దగ్గర నెరుస్తోందని అద్దంలో చూసుకునే మా ఆయన, ఆ వారం రోజులూ ప్రతి హోటల్లో, ప్రతి కొట్టు దగ్గరా "తాత్తా ఎక్కడ? తాత్తాని అడుగు" అనే మాటలు వింటూ తిరిగారు.

థాంక్స్ అనడానికి 'స్తూతి' అంటారు. 'సరే, సరే' అనడానికి 'హరి, హరి'. మామ ఫోన్లో మాట్లాడుతూ నిమిషానికి నాలుగుసార్లు హరి హరి అంటుంటే ఆయన గొప్ప భక్తుడేమో అనుకున్నాను నేను, రెండో రోజు దాకా.

ఇంకో తమాషా డబ్బుతో. అప్పుడు మన రూపాయికి అక్కడ రెండు రూపాయల పైనే వచ్చేవి. మార్చుకోగానే మా ఆయన మావాడికి వంద, చిన్నదానికి వంద ఇస్తే, రెట్టింపయ్యాయని తెగ సంబరపడ్డారు. రోడ్డు పక్కన నారింజ రంగులో గెలలు గెలలుగా వేలాడదీసిన తంబిలి బొండాం ఒక్కటి తాగగానే సగం వంద పోయింది. రెట్టింపు అనేది రెండువైపులా ఉంటుందని మావాడు లెక్క వేసి చెల్లికి చెప్పాడు. అది ఒప్పుకోలేదు.

రెండో రోజు పిన్నవల. 1975లో తల్లులు లేని ఏనుగు పిల్లల కోసం మొదలుపెట్టిన చోటు అది. మందని రోడ్డు దాటించి మహా ఓయ నదిలోకి తోలుకెళ్తారు, స్నానానికి. అటూ ఇటూ కొట్లున్న ఆ సన్నటి వీధి గుండా పదులకొద్దీ ఏనుగులు పక్కనుంచే నడిచి వెళ్తుంటే, మేం ఒక కొట్టు గోడకి అతుక్కుపోయి నిలబడ్డాం. నేల అదరదు. అదరుతుందేమో అనుకున్నా. మెత్తటి చెప్పులేసుకుని నడిచినట్టు వెళ్ళిపోతాయి. ఏటి మధ్య బండరాళ్ళ దగ్గర గొలుసులు కట్టిన రెండింటిని చూసి నాకు మనసు చివుక్కుమంది కానీ, పిల్లల ముందు ఏమీ అనలేదు. ఆ వీధిలోనే ఏనుగు పేడతో కాగితం చేసి అమ్ముతారు. పేడని కడిగి, ఉడకబెట్టి, పీచుని గుజ్జు చేసి తెరల మీద ఆరబెడతారట. మావాడు వాసన చూసి, ఏమీ రావడం లేదని నిరాశపడ్డాడు. చిన్నది ఆ కాగితంతో చేసిన గోధుమరంగు డబ్బా ఒకటి కొనిపించుకుంది. అందులో ఏం పెట్టుకుంటావే అంటే చెప్పలేదు. నోరు తెరిస్తే కదా.

అప్పటికి అది అన్నీ మెత్తగా నలిపి, పక్క పళ్ళతో తింటోంది. పన్ను జోలికి నన్ను రానివ్వదు, నాన్నని రానివ్వదు. దారం కట్టి లాగుతానని అన్న అన్నందుకు కారులో వాడి పక్కన కూర్చోవడమే మానేసింది.

క్యాండీ దగ్గరి పెరదెనియ బొటానికల్ తోటలో మధ్యాహ్నమంతా తిరిగాం. చెట్ల కొమ్మలకి వందలకొద్దీ గబ్బిలాలు, నల్ల గొడుగులు ఆరేసినట్టు తలకిందులుగా. రాజులూ రాణులూ వచ్చినప్పుడల్లా ఒక చెట్టు నాటి వెళ్ళారు అక్కడ. 1901లో నాటిన నాగలింగ చెట్టు కింద రాలిన పూలు ఏరుకుని, పడగ విప్పి చూపించాను పిల్లలకి. నాటినాయన తర్వాత అయిదో జార్జి చక్రవర్తి అయ్యాడని బోర్డు చదివి మా ఆయన చెప్పారు. ఎవరూ వినలేదు.

క్యాండీలో మాత్రం విన్నారు. చిన్నది ముఖ్యంగా.

మేం క్యాండీ చేరిన సాయంత్రమే దళదా మాలిగావకి, అంటే బుద్ధుడి దంతం ఉన్న గుడికి, బయల్దేరాం. చెరువు గట్టు వెంబడి నడుస్తూ మా ఆయన కథ మొదలుపెట్టారు. నోట్‌బుక్‌లో రాసుకోకపోయినా ఆయన దగ్గర కథలుంటాయి. బుద్ధుడి ఎడమవైపు కోరపన్ను ఒకటి కళింగ రాజుల దగ్గర ఉండేదట. వాళ్ళ ఊరికి దంతపురమనే పేరు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు గుహశివుడనే రాజు ఆ పన్నుని తన కూతురు హేమమాలకీ అల్లుడు దంతకుమారుడికీ ఇచ్చి పడవెక్కించి పంపేశాడు. దారిలో ఎవరికీ దొరక్కుండా హేమమాల ఆ పన్నుని జుట్టు ముడిలో దాచుకుని సముద్రం దాటింది. ఇదంతా నాలుగో శతాబ్దం మాట. ఆ దంతపురం పూరీయే అని కొందరు, కాదు, మన శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గరున్న దంతపురమే అని కొందరు చరిత్రకారులు అంటారు. "అంటే తల్లీ, ఈ గుళ్ళో ఉన్న పన్ను మన వైపు నుంచి వచ్చి ఉండొచ్చు" అన్నారు ఆయన.

చిన్నది చటుక్కున ఆగింది. రెండు రోజుల్లో మొదటిసారి నోరు పూర్తిగా తెరిచి, "జడలో పెట్టుకుందా?" అంది.

తెలుగువాళ్ళ ముచ్చట అక్కడితో ఆగలేదు. క్యాండీని ఆఖరున ఏలిన నాయక్కర్ రాజులు మధుర నాయకుల బంధువులు, తెలుగు మూలాలున్నవాళ్ళు. 1739లో గద్దెనెక్కి 1815 దాకా ఏలారు. గుడి ముందున్న ఎనిమిది మూలల మండపం, మేం గట్టు మీద నడుస్తున్న ఆ చెరువు, రెండూ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహ కట్టించినవే. ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకుని వెల్లూరుకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. నాకు ఆ సాయంత్రం ఆ చెరువు నీళ్ళు చూస్తే ఏదో దగ్గరివాళ్ళ ఇల్లు బయటనుంచి చూసినట్టనిపించింది. పిల్లలకి మాత్రం చెరువులో ఈదుతున్న ఉడుం కనిపించింది. పెద్దది, మొసలిలా తోక ఆడిస్తూ. కాసేపు రాజవంశాలన్నీ పక్కకి పోయాయి.

గుళ్ళో సాయంత్రం ఆరున్నర పూజకి డప్పులు మొదలయ్యాయి. నడుముకి ఎర్రటి పట్టీలు చుట్టుకున్న వాయిద్యగాళ్ళు, ఒంటి మీద చొక్కా లేకుండా, లోపల రాతి నేల మీద వాయిస్తుంటే ఆ మోత పాదాల్లోంచి పైకి వస్తుంది. తెల్లబట్టలేసుకున్న జనం, చేతుల్లో పళ్ళేలనిండా కలువలు, మల్లెలు. మేడ మీద క్యూలో మా ముందున్న తెల్లచీర పెద్దావిడ వెనక్కి తిరిగి చిన్నదాని చేతిలో ఒక నీలి కలువ పెట్టింది. క్యూ నిలవనివ్వరు, దంతం ఉన్న గది ఎదుట కొన్ని క్షణాలే. మా ఆయన చిన్నదాన్ని ఎత్తుకుని చూపించారు. స్తూపం ఆకారంలో బంగారు పేటిక, దాని మీద నగలు. అంతే.

"పన్నేది?" అంది చిన్నది బయటికి వచ్చాక.

"ఆ పెట్టెలో ఇంకో పెట్టె, అందులో ఇంకోటి, అలా ఏడు పెట్టెలు. ఏడో దాంట్లో ఉంటుంది."

"ఉందని ఎవరు చూశారు?"

ఆరేళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్నే. దానికీ ఆయన దగ్గర కథ ఉంది. 1560లో పోర్చుగీసువాళ్ళు జాఫ్నాలో ఒక పన్ను పట్టుకుని గోవా తీసుకెళ్ళి, అదే బుద్ధుడి దంతమని, నలుగురి ఎదుట పొడి చేసి కాల్చేశారు. ఇక్కడివాళ్ళు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారట. వాళ్ళు కాల్చింది నకిలీది, అసలుది మా దగ్గరే భద్రంగా ఉంది అన్నారు. "ఏది అసలుదో దాచినవాళ్ళకే తెలుస్తుంది" అని నవ్వారు మా ఆయన. ఈ మాట మళ్ళీ మా ఇంట్లోనే తిరుగుతుందని ఆయనకేం తెలుసు.

మావాడు ఊరుకోకుండా, "ఆయనది కోరపన్ను, నీది ఉత్త ముందుపన్ను, నీకు గుడి కట్టరు" అన్నాడు. ఆ రాత్రి హోటల్లో ఏడుపు.

క్యాండీ నుంచి ఎల్లా అనే కొండ ఊరికి రైలు. అంతా ఈ రైలు కోసమే శ్రీలంక వెళ్తారేమో అనిపిస్తుంది. మాకు రిజర్వేషన్ చేయించి పెడతానన్న మనిషి ముందురోజు రాత్రి ఫోన్ చేసి సీట్లు అయిపోయాయన్నాడు. మా ఆయన నోట్‌బుక్ మూసేశారు. సామాను మామకిచ్చి కారులో కొండ దారిన పంపేసి, పొద్దున్నే ఎనిమిదిన్నర దాటాక వచ్చే 'పొడి మెనికె' అనే రైల్లో రెండో తరగతి జనరల్ పెట్టె ఎక్కాం. పొడి అంటే చిన్న అని అర్థం. రైలేమో చాంతాడంత ఉంది, నిలబడే చోటు లేదు.

ఏడు గంటల ప్రయాణం. మొదటి గంట నరకం. తర్వాత ఒక్కొక్కరూ మమ్మల్ని సర్దుకోవడం మొదలుపెట్టారు. ఎవరో పెద్దాయన మావాడికి కిటికీ దగ్గర సగం సీటిచ్చారు. చిన్నది ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది. ఆవిడకీ నాకూ మధ్య ఉన్న మాటలు మొత్తం 'అమ్మా', 'నంగీ', 'హరి'. అవి చాలాయి. కొండలెక్కుతున్నకొద్దీ గాలి చల్లబడింది. రబ్బరు చెట్లు పోయి తేయాకు మొదలైంది, దువ్వెన పెట్టి దువ్వినట్టు వరసలు. ఒకప్పుడు ఈ కొండలన్నీ కాఫీ తోటలట. ఆకుకి తెగులు తగిలి కాఫీ అంతా పోతే, అంతకుముందే 1867లో లూలకందురలో జేమ్స్ టేలర్ అనే ఆయన పంతొమ్మిది ఎకరాల్లో వేసి చూసిన తేయాకు దిక్కయింది. ఆ తోటల్లో పనికి తమిళనాడు నుంచి మనుషుల్ని తెచ్చారు. కిటికీలోంచి మాకు చేతులూపిన పిల్లలు వాళ్ళ మునిమనవలే అయి ఉంటారు.

మావాడికి ఇవేవీ పట్టలేదు. ఒంటి లైను మీద ఎదురు రైలు రాకుండా స్టేషన్ మాస్టరు పెద్ద వలయానికి తగిలించిన టాబ్లెట్ అనే బిళ్ళని డ్రైవర్ చేతికివ్వడం చూశాడు. అది లేకుండా రైలు ముందుకి కదలకూడదు. ప్రతి స్టేషన్లో తల బయటపెట్టి అదే చూశాడు. ఇప్పటికీ శ్రీలంక అంటే వాడికి అదే.

"వడే వడే వడే" అని అరుస్తూ బుట్టలవాళ్ళు ఎక్కారు. రొయ్యలు గుచ్చిన వడలు, పప్పు వడలు. పప్పు వడ మన మసాలా వడే, ఇంకాస్త గట్టి, ఎండుమిరపకాయలతో. ఎవరో బడిపిల్లల లెక్కల పరీక్ష కాగితంలో కట్టిచ్చారు. పదికి నాలుగు మార్కులొచ్చిన కాగితం. మావాడు ఆ పిల్లాడి మీద జాలిపడుతూ రెండు వడలు తిన్నాడు. చిన్నదానికి అప్పటికి ఆకలి భయాన్ని మించింది. పక్క పళ్ళతో కొరుకుతూ సగం వడ తింది, కారమని మిగతా సగం అన్నకిచ్చింది.

రైలు 6,200 అడుగుల ఎత్తున ఉండే పట్టిపొల స్టేషను దాటి సొరంగంలోకి వెళ్ళింది. పెట్టెలో దీపాల్లేవు. చీకట్లో కుర్రాళ్ళు సరదాకి కేకలేస్తున్నారు. ఆ కేకల్లో ఒకటి వేరుగా వినిపించింది.

"అమ్మా! లేదు! పన్ను లేదు!"

సొరంగం దాటి వెలుతురొచ్చేసరికి పెట్టెలో అందరికీ సంగతి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నాకు తెలీదు, పన్నుకి సింహళంలో ఏమంటారో మాకు రాదు. మా చిన్నది నోరు తెరిచి ఖాళీ చూపించింది, అంతే. ఫోన్లలో లైట్లు వేసుకుని సీట్ల కింద వెతికారు. ఇద్దరు సిపాయిలు సెలవుల మీద వెళ్తున్నట్టున్నారు, మోకాళ్ళ మీద కూర్చుని మరీ వెతికారు. మా ఆయన మింగేసిందేమో అని టెన్షన్ పడుతున్నారు. ఇంతలో మావాడు నమలడం ఆపి మొహం అదోలా పెట్టి, "అమ్మా, వడలో రాయి" అన్నాడు.

చేతిలోకి ఉమ్మితే పన్ను.

పెట్టె పెట్టెంతా నవ్వింది. నవ్వనిది మావాడొక్కడే. తరువాతి స్టేషను దాకా నోరు పుక్కిలిస్తూనే ఉన్నాడు. చిన్నది పన్నుని నా నీళ్ళ సీసాతో కడిగించి, లెక్కల కాగితం చివర చింపి అందులో చుట్టి, "నా జడలో కట్టు" అంది. హేమమాల! పొట్లాన్ని జడ మొదట్లో పెట్టి రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి, పైన రిబ్బను కట్టాను. అక్కడనుంచి అది మెడ తిన్నగా పెట్టుకుని, నెత్తిన బిందె ఉన్నట్టు నడిచింది.

ఎల్లాలో మేం దిగింది ఒక ఇంటిపైన కట్టిన మూడు గదుల చోటు. ఇంటావిడ తనని పుంచి అమ్మా అని పిలవమంది, అంటే చిన్నమ్మ. ఆవిడ వంట సంగతి చెప్పకపోతే పాపం. ముత్యాల్లా పొట్టిగా ఉండే సాంబా బియ్యం అన్నం, కొబ్బరిపాలతో పప్పు, బీట్‌రూట్, చిన్న పనసకాయ కూర, పోల్ సంబోల అనే కొబ్బరి పచ్చడి. మేం చేప తినమని చెప్తే సంబోలలో ఉంబలకడ, అంటే ఎండబెట్టిన మాల్దీవుల చేప పొడి, వేయకుండా వేరే నూరింది. శ్రీలంకలో శాకాహారులు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

భోజనాల దగ్గర చిన్నది పన్ను లేని నోరు చూపించింది. పుంచి అమ్మ చెంపలు నొక్కుకుని, పన్ను ఎక్కడుందని అడిగి, తల అడ్డంగా ఊపింది. ఇక్కడ పన్నుని ఇంటి కప్పు మీదకి విసిరేస్తారట. 'లేనా' అంటే ఉడత. "ఉడతా ఉడతా, ఈ పన్ను తీసుకుని కొత్త పన్నియ్యి" అని చెప్పి విసరాలి. చిన్నది రెండు చేతులూ జడ మీద పెట్టుకుంది. ఇవ్వనంది. పుంచి అమ్మ నవ్వి ఊరుకుంది.

మరుసటి పొద్దున నేను లేచేసరికి పక్కలో చిన్నది లేదు. కిందకి వెళ్తే పెరట్లో పుంచి అమ్మ కొబ్బరి కోరుతోంది, ఇది పక్కన పీట మీద కూర్చుని కోరు తింటోంది. జడ చెదిరింది, రిబ్బను వంకరగా ఉంది. సరిచేసి కట్టాను.

ఎల్లాలో మిగతా రెండు రోజులూ నడకే. 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన దాకా తేయాకు తోటల్లోంచి దిగాం. ఉక్కు లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతోనే కట్టారు. వాన పడి తెరిపిచ్చింది, మావాడి మడమకి జలగ పట్టింది. ఎవరో ఆకు కోసే ఆవిడ సున్నపుకాయ రుద్దినట్టు ఏదో రుద్ది తీసేసింది. దెమొదర దగ్గర రైలు కొండ చుట్టూ తిరిగి, తను దాటొచ్చిన స్టేషను కిందనుంచే సొరంగంలో వెళ్తుంది. అది చూపించమని మావాడు గోల. చూపించాం.

మే 14న వెసాక్ పున్నమి, అంటే మన బుద్ధపూర్ణిమ. ఆ రోజే కొండ దిగి దక్షిణ తీరానికి వెళ్ళాం. నా మటుకు నాకు ఆ పది గంటలే మొత్తం ప్రయాణం. వెల్లవాయ దాటిన దగ్గర్నుంచీ ప్రతి ఇంటి ముందూ వెదురు బద్దలకి రంగుకాగితాలు అంటించిన లాంతర్లు. రోడ్డుకి అడ్డంగా కుర్రాళ్ళు జెండాలూపి బళ్ళని ఆపుతున్నారు. ఏం తప్పు చేశామో అనుకున్నాను. దన్సల అట అది, ఉచితంగా పెట్టే పందిరి. ఒకచోట నిమ్మనీళ్ళు, ఇంకోచోట ఉడకబెట్టిన శనగలు, మరోచోట అన్నం కూరలు. వద్దంటే బాధపడతారని మామ ప్రతిచోటా ఆపాడు. ఐస్‌క్రీం పెట్టే పందిరి దగ్గర మా పిల్లలు క్యూలో రెండుసార్లు నిలబడ్డారు. రెండోసారి వచ్చారని తెలిసి కూడా పెట్టారు. చీకటి పడ్డాక తోరణాల మీద వేల బల్బులు. చిన్నది కిటికీకి తల ఆనించి, నిద్రలోకి జారేదాకా లాంతర్లు లెక్కపెట్టింది.

మిరిస్సలో సముద్రం. పిల్లల్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాక తల్లికి ఇంకో పనుండదు, లెక్కపెట్టుకోవడం తప్ప. ఒకటి, రెండు, ఉన్నారు. ఒకటి, రెండు, ఉన్నారు. జడ విప్పి వెళ్ళమంటే చిన్నది వినలేదు. అల వచ్చి రెండు పల్టీలు కొట్టించింది. నవ్వుతూ లేచింది. రాత్రి అది నిద్రపోయాక, జుట్టులో ఇసుక దులుపుదామని జడ విప్పాను. రిబ్బనుంది, రబ్బరు బ్యాండుంది. పొట్లం లేదు.

మా ఆయన్ని లేపలేదు. ఆయన 16న వచ్చే ఎన్నికల ఫలితాల గురించి అప్పటిదాకా ఫోన్లో చదివి అలిసి పడుకున్నారు. గది అంతా వెతికాను. తడిబట్టలు పిండిన బకెట్లో, బాత్రూం జాలీ దగ్గర, చెప్పుల్లో. రెండయింది. తెల్లారుతుంటే ఒక్కదాన్నే ఒడ్డుకి వెళ్ళాను. పన్ను దొరుకుతుందని కాదు. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదిగా, తెల్లగా అరిగిపోయిన గవ్వ పెంకు ముక్క దొరికింది. అచ్చం పాలపన్నే. లెక్కల కాగితం మిగిలిన ముక్క నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. అందులో చుట్టి, అది లేచేలోపు దిండు కింద పెట్టేశాను. పోర్చుగీసు కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది కూడా.

లేచాక పొట్లం విప్పి చూసింది. చాలాసేపు చూసింది. నాకు గుండె దడ. కనిపెట్టేసిందనుకున్నాను. తలెత్తి నెమ్మదిగా, "అమ్మా, దీనికి ఏడు పెట్టెలు కావాలి" అంది.

ఆ తర్వాత గాల్ కోట గోడల మీద నడిచాం, తాబేళ్ళ పిల్లల్ని చూశాం, కొలంబోలో చీరలు చూశాం. ఇవన్నీ ఫోటోల్లో ఉన్నాయి. ఇంటికొచ్చిన రోజే ఏడు పెట్టెలు సమకూర్చాల్సి వచ్చింది. చిన్న కుంకుమ భరిణె, అది ఉంగరం డబ్బాలో, అది సబ్బు డబ్బాలో, అది టిఫిన్ డబ్బాలో, అది పిన్నవల ఏనుగు కాగితం డబ్బాలో, అది స్వీట్ల అట్టపెట్టెలో, అది బిస్కెట్ల రేకు డబ్బాలో. అటక మీద పెట్టాం. రెండు ఇళ్ళు మారినా ఆ డబ్బా మాతో వచ్చింది.

ఈమధ్య అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళడానికి సామాను సర్దుతుంటే అటక మీదనుంచి రేకు డబ్బా దిగింది. ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పాం. ఇన్నేళ్ళయింది కదా అని నేను నిజం చెప్పేశాను. అసలు పన్ను సముద్రంలో పోయిందని, ఇది గవ్వ ముక్కని.

అది నా మొహంలోకి చూసి, "సముద్రంలో పోయింది పన్ను కాదు" అంది. పన్నుని ఎల్లాలో ఆ పొద్దున్నే కప్పు మీదకి విసిరేసిందట. ఉడతకి ఇవ్వకపోతే కొత్త పన్ను రాదేమో అని రాత్రంతా భయపడిందట. నేను బాధపడతానని పుంచి అమ్మే ఒక సాంబా బియ్యం గింజ పొట్లంలో పెట్టి, మళ్ళీ జడలో దోపిందట.

"మరి మిరిస్సలో అంతసేపు చూశావేమే పొట్లంలోకి?"

"పొట్లంలో పెట్టింది బియ్యం గింజ. తెల్లారి చూస్తే పన్ను ఉంది. దానంతట అదే పన్నయిపోయిందనుకున్నా. అందుకే కదా ఏడు పెట్టెలు అడిగింది."

"ఎప్పటిదాకా నమ్మావు?"

"ఇప్పటిదాకా" అంది, భరిణె మూత పెడుతూ.